ముందు తెర కొందాం, ప్రొజెక్టరు సంగతి తర్వాత

పోయిన వారం మా నాటక సమాజంలో కుర్రాడొకడు వాట్సాప్‌లో ఒక కొటేషన్ పంపించాడు. మూడు ప్రొజెక్టర్లు, మూడు ధరలు, పక్కన ఒక్కోదానికి ఎన్ని లూమెన్లో, అంటే మెషీన్ మొత్తం ఎంత వెలుగు ఇస్తుందో, రాసి ఉంది. కింద వాడి ప్రశ్న: "మామా, డబ్బులు ఎట్టాగూ పోగయినాయి గదా, లూమెన్లు ఎక్కువుండేది తీసేసుకుందామా?"

ఫోన్ చేసి చెబుదామనుకున్నాను గానీ అది ఐదు నిమిషాల్లో తేలేది కాదనిపించింది. ఈ ప్రశ్న వాడొక్కడిదే కాదు కూడా. ఈ రెండేళ్లలో నాటకం ఆడే ప్రతివాళ్లూ, డాన్సు స్కూలు నడిపేవాళ్లు కూడా, నన్ను ఇదే అడుగుతున్నారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మాది నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో శ్రీరామనవమికి, శివరాత్రికి, తిరునాళ్లకి, అప్పుడప్పుడు నాటక పోటీలు పెట్టే పరిషత్తులకి తిరిగే సమాజం. నేను వేషం కట్టను, లైట్లు చూస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఊరూరా తిరిగే నాటకానికి మొదట కొనాల్సింది ప్రొజెక్టరు బొమ్మ పడే తెర. మన తెర, మన కొలత, మన బండిలో పట్టే తెర. ప్రొజెక్టరు అద్దెకి తెచ్చుకోవచ్చు. లూమెన్ల గురించి ఆలోచించే ముందు చీకటి గురించి ఆలోచించాలి. ఈ మాట కుర్రాళ్లకి పాతకాలం మాటలా వినిపిస్తుందని తెలుసు. కానీ నేను పాత సీనరీలే ముద్దు అనే మనిషిని కాను, తెర మీద బొమ్మ వేసే పని మా సమాజంలో మొదలుపెట్టిందే నేను.

పొదిలి పక్కన ఒక ఊళ్లో

మొన్న నవమికి పొదిలి దగ్గర ఒక ఊరికి వెళ్లాం. కమిటీ వాళ్లు మాకు చెప్పకుండా స్టేజీ వెనక ఎల్ఈడీ వాల్, అంటే తనంతట తానే వెలిగే పెద్ద వీడియో గోడ, పెట్టించారు. అంతకు ముందు రోజు డాన్సు ప్రోగ్రాం ఉంది, దానికి తెచ్చింది అలాగే ఉంచారు. మావాళ్లు ఎగిరి గంతేశారు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనుకి చితిమంటల వీడియో పెట్టారు. నిజం చెప్పాలంటే ఆ మంటలు చూసి నేను కూడా ఒక్క క్షణం ఆహా అనుకున్నాను.

హరిశ్చంద్రుడు వచ్చి మంటల ముందు నిలబడ్డాడు. మనిషి ఆకారం నల్లగా కనిపిస్తోంది, ముఖం లేదు. నా దగ్గరున్న ఫోకస్ లైట్లన్నీ నిండుగా పెట్టాను, అయినా లాభం లేదు. పద్యం అందుకున్నాడు, గొంతు ఖంగుమంటోంది, జనం కళ్లు మాత్రం మంటల మీదే ఉన్నాయి. సీను అయ్యాక ముందు వరసలో కూర్చున్న పెద్దాయన లేచి నా దగ్గరికొచ్చి అన్నాడు: "ఏందబ్బయా, మంటలు బాగా కనపడినాయి గానీ, హరిశ్చంద్రుడి మొగం కనపడలా."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. కాటి సీనులో ముఖం కనపడకపోతే ఇక కనపడాల్సింది ఏముంది?

ఇంటికొచ్చాక లెక్క వేశాను. నటుడి ముఖం మీద మనం వేసే వెలుగు మంచి లైటింగ్ ఉంటే సుమారు 500 లక్స్. లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద ఎన్ని లూమెన్లు పడుతున్నాయో ఆ కొలత. మేకప్ వేసిన ముఖం అందులో మూడో వంతు తిప్పి పంపుతుందనుకుంటే, చూసేవాడి కంటికి ఆ ముఖం వెలుగు 50 నిట్లకి (కంటికి కనిపించే వెలుగుని కొలిచేది నిట్లలో) కాస్త పైన ఉంటుంది. సినిమా హాల్లో డిజిటల్ ప్రొజెక్షన్‌కి తెర మీద తెలుపు 48 నిట్లు ఉండాలని ప్రమాణం. అంటే మన వేషగాడి ముఖం సినిమా తెరంత వెలుగుతో ఉన్నట్టే. అది తక్కువేమీ కాదు. కానీ హాలు లోపల వాడే ఎల్ఈడీ వాల్ కూడా నిండుగా పెడితే 800, 1000 నిట్ల దాకా పోతుంది, ఆరుబయట వాడేవి 4000 పైమాటే. ముఖం కంటే ఇరవై రెట్లు, ఎనభై రెట్లు వెలుగుండే గోడ ముందు మనిషిని నిలబెడితే కంటిపాప ఆ గోడకే సర్దుకుంటుంది. పెద్దాయన చూపులో లోపమేమీ లేదు, ఎవరి కన్నయినా అంతే.

వాల్ వెలుగు తగ్గించుకోవచ్చు కదా అంటారు. తగ్గించొచ్చు. పది శాతానికీ ఐదు శాతానికీ దించితే ముఖంతో సమానమవుతుంది. కానీ అద్దెకి తిరిగే మామూలు వాల్స్‌ని అంత కిందికి దించితే రంగుల మెట్లు పోతాయి, సాయంకాలపు ఆకాశం చారలు చారలుగా కనిపిస్తుంది. పైగా ఆ రాత్రి వాల్ ఆపరేటర్‌ని తగ్గించమని అడిగితే, కమిటీ వాళ్లు ఊరి చివరిదాకా కనపడాలన్నారని చెప్పాడు. అతని ఇబ్బంది అతనిది.

బరువు సంగతి కూడా చెప్పాలి. పన్నెండడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు దాకా కావాలంటే అర మీటరు చదరం డబ్బాలు 35 పట్టుకోవాలి, ఒక్కోటి ఏడెనిమిది కిలోలు. స్టాండ్లు కాకుండానే 280 కిలోల దాకా. దానికి వేరే బండి, బిగించేవాళ్లు ఇద్దరు ముగ్గురు. నాటకానికి మనకిచ్చేది ఎంత?

డాన్సు బ్యాలేలకి, పగటిపూట కార్యక్రమాలకి, ఊరంత మైదానంలో జరిగే సభలకి ఎల్ఈడీ వాలే సరైనది, అందులో నాకు అనుమానం లేదు. దానికి వెనక జాగా అక్కర్లేదు, నీడ పడదు. నా అభ్యంతరమంతా మాటా, పద్యమూ, ముఖమూ ప్రధానమైన నాటకం గురించే.

లూమెన్లు కొనడమా, చీకటి తెచ్చుకోవడమా

ఇప్పుడు కుర్రాడి ప్రశ్నకొస్తాను. మనకి కావాల్సిన తెర 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు అనుకుందాం. 108 చదరపు అడుగులు, అంటే పది చదరపు మీటర్లు. 3500 లూమెన్ల ప్రొజెక్టరు పెడితే లూమెన్లని వైశాల్యంతో భాగించాలి, తెర మీద 350 లక్స్ పడుతుంది. కాగితం మీద ఇది చాలా బాగుంది.

కానీ మన స్టేజీ మీద తెరపైన పడే వెలుగు ప్రొజెక్టరుది ఒక్కటే కాదు. ఫోకస్ లైట్లు నటుణ్ణి దాటి తెరకి తగులుతాయి. నేల మీద పడిన వెలుగు పైకి లేస్తుంది. షామియానా ట్యూబులైట్లు ఉంటాయి, దాతల పేర్లున్న ఫ్లెక్సీలకి వేసిన హాలోజన్లు ఉంటాయి. ఇవన్నీ కలిసి తెర మీద 100 లక్స్ పడుతోందనుకుందాం, ఊళ్లలో ఇది ఎక్కువేం కాదు. అప్పుడు బొమ్మలో తెల్లని చోట 450, నల్లని చోట 100. అంటే తెలుపుకీ నలుపుకీ తేడా నాలుగున్నర రెట్లే. రాత్రి అడవి సీను వేస్తే బూడిద రంగు అడవి కనపడుతుంది.

అదే ప్రొజెక్టరుని కదపకుండా, బయటి వెలుగుని 100 నుంచి 25 లక్స్‌కి దించగలిగితే? తెలుపు 375, నలుపు 25. తేడా పదిహేను రెట్లు. ఈ పదిహేను రెట్లని, వెలుగు తగ్గించకుండా, పెద్ద ప్రొజెక్టరు కొని సాధించాలంటే 14,000 లూమెన్లు కావాలి. నాలుగింతలు. ఆ మెషీన్ ధర అటుంచి, దాన్ని ఎత్తడానికే ఇద్దరు కావాలి.

ఈ లెక్క ఒకటికి మూడుసార్లు వేసి చూసుకున్నాను, ఎందుకంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. తర్వాత వింజమూరు వైపు ఒక రామాలయం స్టేజీ మీద చేసి చూశాం. నేలంతా తెల్లటి టైల్స్, లైటు వేస్తే అద్దంలా పైకి కొడుతోంది. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ పెట్టి తెర దగ్గర చూస్తే 90 దాకా చూపించింది. ఫోన్ అంత కచ్చితంగా చూపదు గానీ, ముందూ వెనకా పోల్చుకోడానికి చాలు. నేల మీద నల్ల గుడ్డ పరిచాం, ఫోకస్ లైట్లని ఎత్తులోకి మార్చి నలభై ఐదు డిగ్రీల వాలున కిందికి తిప్పాం, నటుల్ని తెరకి ఆరడుగుల ముందుకి జరిపాం. మళ్లీ చూస్తే 40 లోపుకి వచ్చింది. ఖర్చు నల్ల గుడ్డ ఒక్కటే, అది కూడా షామియానా ఆయన దగ్గర అడిగి తెచ్చిందే.

ఇక్కడొక చిక్కుంది, దాచి లాభం లేదు. నిండు తెలుపు 350 లక్స్ అంటే తెర మీద 110 నిట్ల దాకా వస్తుంది, అది ముఖానికి రెండింతలు. అంటే ప్రొజెక్టరు కూడా ముఖాన్ని తినేయగలదు. అందుకని బొమ్మలో నిండు తెలుపు ఉండకూడదు. మబ్బులు తెల్లగా కాక లేత బూడిద రంగులో, కోట గోడలు సాయంకాలపు నీడలో ఉన్నట్టు చేసుకోవాలి. అప్పుడు ఆ పదిహేను రెట్లు ఏడెనిమిది రెట్లకి వస్తుంది. ఊరికే చూసే బొమ్మకి కనీసం ఏడు రెట్లు తేడా ఉండాలని ఆడియో-విజువల్ రంగంలో ఒక ప్రమాణం ఉంది, దానికి సరిపోతుంది. ఇంకో రకంగా చెప్తాను. నిజంగా చీకటి ఉంటే, ఈ తెరని సినిమా హాలంత వెలిగించడానికి 1500 లూమెన్లు చాలు. మనం మూడువేల ఐదొందలు తీసుకునేది చీకటి దొరకదన్న భయంతోనే.

చీకటి దొరకడం కష్టమే, అది కూడా ఒప్పుకుంటాను. షామియానా ట్యూబులైట్లు ఆపమంటే కమిటీ వాళ్లు ఒప్పుకోరు. ఆడవాళ్లు, పిల్లకాయలు ఉంటారు, పురుగూ పుట్రా భయం ఉంటుంది, వాళ్లదీ న్యాయమే. అందుకని నేను మొత్తం ఆపమని అడగడం మానేశాను. స్టేజీకి దగ్గరున్న మొదటి రెండు వరసల లైట్లు మాత్రం, నాటకం ఆడుతున్నంత సేపు ఆపమంటాను. దీనికి కాదన్నవాళ్లు ఇప్పటిదాకా లేరు.

స్టేజీ లోతు కొలవని వాడి అవస్థ

ప్రొజెక్టరు కొనేవాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది, అది త్రో రేషియో. మెషీన్ తెరకి ఎంత దూరంలో ఉంటే బొమ్మ ఎంత వెడల్పొస్తుందన్నది. మామూలు మెషీన్లకి ఒకటిన్నర ఉంటుంది, అంటే 12 అడుగుల బొమ్మకి 18 అడుగుల దూరం కావాలి. మన ఊళ్ల స్టేజీలు చాలా వరకు ఇరవై అడుగుల లోతుకి మించవు. వెనక నుంచి వేద్దామంటే తెర వెనక పద్దెనిమిది అడుగులు వదిలేసి, రాయబారం సీను రెండడుగుల్లో ఆడాలి.

అందుకని రెండు దారులున్నాయి. ఒకటి షార్ట్ త్రో. రేషియో 0.5 అయితే ఆరడుగులు వెనక ఉంటే చాలు. వెనక నుంచి వేస్తే నటుడి నీడ పడదు, తోలుబొమ్మలాట చూసి పెరిగినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. తెల్లటి గుడ్డ కట్టి, వెనక దీపాలు పెట్టి, రామాయణ భారతాలన్నీ ఆడించారు వాళ్లు. బొమ్మ గుడ్డకి ఆనితేనే గీత స్పష్టంగా ఉంటుందనీ, దీపం ఎక్కడుందో చూసేవాడికి తెలియకూడదనీ వాళ్లకి తెలుసు. మనం పల్చటి కాటన్ గుడ్డ కట్టి వెనక నుంచి ప్రొజెక్టరు వేసినప్పుడు మధ్యలో లెన్స్ చుక్కలా మెరుస్తుందే, అదే ఈ సమస్య. దానికి వెలుగుని చెదరగొట్టే బూడిద రంగు తెర విడిగా దొరుకుతుంది. మామూలు గుడ్డకీ దానికీ తేడా పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు.

వెనక నుంచి వేయడంలో మాకు ఎదురైన కష్టం మాత్రం ఏ కొటేషన్‌లోనూ ఉండదు. అల్లూరు వైపు ఒక ఊళ్లో సీత అశోకవనంలో ఏడుస్తోంది, వెనక వనంలో నుంచి ముగ్గురు పిల్లకాయల నీడలు నడుచుకుంటూ పోయాయి. మేకప్ గదికి దారి తెరకీ ప్రొజెక్టరుకీ మధ్య నుంచే ఉంది. అప్పటి నుంచి ఆ ఆరడుగుల జాగాకి రెండు వైపులా తాడు కట్టి, నల్ల గుడ్డ దించి, ఒక మనిషిని పెడుతున్నాం.

రెండో దారి ముందు నుంచి, ఎత్తులో నుంచి వేయడం. ఇందులో నీడ భయం ఉంటుంది గానీ, కొలిచి పెడితే నీడ బొమ్మ మీద పడదు. కుర్రాళ్లు నమ్మరు కాబట్టి లెక్క చెప్తాను. మెషీన్ తెరకి 18 అడుగుల దూరంలో, స్టేజీ నేల నుంచి 14 అడుగుల ఎత్తులో వేలాడుతోంది. కిరీటంతో కలిపి ఆరున్నర అడుగుల మనిషి తెరకి ఆరడుగుల ముందు నిలబడ్డాడు. మెషీన్ నుంచి కిరీటం కొన మీదుగా గీత గీస్తే పన్నెండడుగుల్లో ఏడున్నర అడుగులు దిగింది, మిగతా ఆరడుగుల్లో ఇంకో మూడుముప్పావు దిగుతుంది. నీడ తల తెర దగ్గర రెండుముప్పావు అడుగుల ఎత్తుకి చేరుతుంది. మన తెర అడుగు అంచు నేలకి మూడడుగుల పైన మొదలైతే, నీడ తెర కిందే ఉండిపోతుంది. అదే మెషీన్ని బల్ల మీద ఐదడుగుల ఎత్తులో పెట్టారనుకోండి, నీడ ఏడడుగులు దాటి కోట బురుజుల దాకా పోతుంది.

అందుకే తెరని నేల దాకా దించకూడదంటాను. కింద మూడడుగులు నల్ల గుడ్డో, సెట్టు గట్టో, పొదల కటౌట్లో పెట్టుకోవాలి. మెషీన్ లెన్స్ షిఫ్ట్ ఉన్నదై ఉండాలి, అంటే మెషీన్ని వంచకుండా బొమ్మని కిందికి దించగలగాలి. లేకపోతే వంచాలి, వంచితే బొమ్మ పక్కలు వాలిపోతాయి, దాన్ని మెషీన్‌లోనే బొమ్మ అంచుల్ని సర్దే కీస్టోన్‌తో సరిచేస్తే బొమ్మలో చుక్కలు (పిక్సెళ్లు) కొన్ని పోతాయి. నా వరకు రెండు వేల లూమెన్లు ఎక్కువున్న మెషీన్ కంటే లెన్స్ షిఫ్ట్ ఉన్న మెషీన్ మేలు.

బయట ఆడేటప్పుడు

నెల్లూరు టౌన్‌హాలు లాంటి మూసిన హాల్లో పైన చెప్పిందంతా సాఫీగా సాగుతుంది. మన ప్రదర్శనల్లో ఎక్కువ భాగం బయటే.

మొదట గాలి. తెర అంటే తెరచాపే. పది చదరపు మీటర్ల తెరకి గంటకి 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే దాదాపు 60 కిలోల తోపు ఉంటుంది. గాలి వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది. కొత్తపట్నం వైపు సముద్రపు గాలి సాయంత్రం పూట ఎలా ఉంటుందో అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అక్కడ ఒకసారి తెరని పైనా కిందా మాత్రమే కట్టి, పక్కలు వదిలేశాం. ద్వారక మొత్తం అలల మీద ఊగింది. మొదట్లో జనం చప్పట్లు కొట్టారు, కావాలనే చేశామనుకున్నారేమో. నాకు మాత్రం సరుగుడు బాదు ఎక్కడ విరుగుతుందోనని ఒళ్లంతా చెమటలు. ఇప్పుడు నాలుగు పక్కలా అడుగుకొక రింగు, రింగుకి సాగే రబ్బరు తాడు, ఆపైన వెనక్కి రెండు తాళ్లు లాగి కడుతున్నాం. గాలి మరీ ఎక్కువగా ఉంటే తెర దించేసి ఆడతాం, దాంట్లో నాకు మొహమాటం లేదు.

తర్వాత పురుగులు. వరి పొలాల పక్కన, అదీ కంకి దశలో, రాత్రి దీపం పెడితే పచ్చ దీపపు పురుగులు ఎలా ముసురుతాయో బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల వాళ్లకి తెలుసు. ఆ చీకట్లో అన్నిటికంటే గట్టి దీపం ప్రొజెక్టరు లెన్స్. ఒక్కో పురుగు నీడ తెర మీద అరచేయంత ఉంటుంది. ఫ్యాను గాలికి లోపలికి పీల్చుకుని ఫిల్టరు మూసుకుపోతే మెషీన్ వేడెక్కి ఆగిపోతుంది కూడా. మేం చేసేది చాలా చిన్న పని. స్టేజీకి దూరంగా, పొలం వైపు, ఒక పెద్ద తెల్ల లైటు నాటకానికి గంట ముందే వేసి ఉంచుతాం. అన్నీ అటు పోవు గానీ చాలా పోతాయి. ఫిల్టరు ప్రతి ప్రదర్శనకి ముందు విప్పి దులపాలి.

ఇక కరెంటు. పాత రకం లాంపు ప్రొజెక్టరు వేడి మీద ఉండగా కరెంటు పోతే వెంటనే మళ్లీ వెలగదు, చల్లబడేదాకా నిమిషాలు ఆగాలి. అలా పదే పదే జరిగితే లాంపు ఆయుష్షు తగ్గుతుంది. లేజరు మెషీన్లకి ఈ బాధ లేదు, వాటి వెలుగు ఇరవై వేల గంటల దాకా ఉంటుందని తయారీదారులు చెప్తారు, లాంపులకి మూడు నుంచి ఐదు వేలు. జనరేటర్ మీద ఆడే మనలాంటి వాళ్లకి లేజరు ఒక్కటే అసలు లాభమని నా నమ్మకం, ఎన్ని లూమెన్లన్నది ఆ తర్వాత. దేనికైనా చిన్న యూపీఎస్ ఒకటి ప్రొజెక్టరుకీ లాప్‌టాప్‌కీ విడిగా పెట్టుకోవాలి, జనరేటర్ అందుకునే దాకా వాటిని నడిపిస్తుంది. దానికి ఫోకస్ లైట్లు తగిలించకూడదు.

దర్శి వైపు ఒక ఊళ్లో మాకు యూపీఎస్ లేని రోజుల్లో కరెంటు పోయింది. జనరేటర్ తిప్పే అబ్బాయి భోజనానికి వెళ్లాడు. తెర చచ్చిపోయింది, లైట్లు పోయాయి, మైకు పోయింది. మా హార్మోనిస్టు మాత్రం వేళ్లు తియ్యలేదు. కృష్ణుడు వేషం వేసినాయన స్టేజీ అంచు దాకా వచ్చి, మైకు లేకుండానే పద్యం ఎత్తుకున్నాడు. ముందు ఒకరిద్దరు, తర్వాత పది మంది, ఆ తర్వాత లెక్క తెలియనంతమంది సెల్‌ఫోన్ లైట్లు ఆయన ముఖం మీద వేశారు. ఆ పద్యానికి పడినన్ని వన్స్‌మోర్‌లు మా ఏ ప్రొజెక్షన్‌కీ పడలేదు. మా హార్మోనిస్టు ఆ రాత్రి బండిలో, "చూశావా అబ్బయా, నీ తెర లేకపోయినా జనం యాడికీ పోలా" అన్నాడు.

నేను చాలా రోజులు దీని గురించి ఆలోచించాను. అసలు తెర మీద బొమ్మ అవసరమా? 1885లో మొదలైన సురభి నాటకాల వాళ్లు రంగుల తెరలతో, చేతి యంత్రాలతో ఇన్నేళ్లు జనాన్ని ఆకట్టుకున్నారు. మడత పెట్టి, తాడు కట్టి, బండెక్కిస్తే చాలు, వాటికి కరెంటు అక్కర్లేదు. నాకు దొరికిన సమాధానం ఇది: రంగుల తెర ఒక చోటుని చూపిస్తుంది, అది మారాలంటే తెర మార్చాలి. వెలుగుతో వేసిన బొమ్మ ఒకే చోటులో కాలాన్ని మార్చగలదు. పద్యం సాగుతుండగా సాయంకాలం రాత్రవుతుంది, నెమ్మదిగా, ఎవరూ గమనించకుండా. ఆ పనికి తప్ప వేరే దేనికీ నేనిప్పుడు ప్రొజెక్టరు వాడటం లేదు. కదిలే మంటలు, ఎగిరే పక్షులు, తిరిగే చక్రాలు అన్నీ తీసేశాను. అవి కదిలితే జనం నటుణ్ణి వదిలి వాటిని చూస్తారు.

ఇంకో సంగతి. ప్రొజెక్టరు నలుపు నిజమైన నలుపు కాదు. నల్ల స్లైడు పెట్టినా తెర మీద పల్చటి బూడిద రంగు దీర్ఘచతురస్రం కనిపిస్తూనే ఉంటుంది. చీకటి సీనులో అది తెలియని మనిషికి కూడా ఇబ్బందిగా ఉంటుంది. మా కుర్రాడు లెన్స్ ముందు నల్ల అట్ట ముక్కని దారంతో పైకీ కిందికీ దించేలా కట్టాడు. ఖర్చు లేని పని, కానీ మొత్తం నాటకంలో నాకు నచ్చిన పరికరం అదే.

అద్దె మీద నాకున్న అనుమానాలు

తెర కొని, ప్రొజెక్టరు అద్దెకి తెద్దామంటే మా సమాజంలో రెండు అభ్యంతరాలు వచ్చాయి, రెండూ గట్టివే.

మొదటిది, ప్రతిసారీ కొత్త మెషీన్ వస్తే రిహార్సల్ ఎలా? నిజమే. ఒకసారి అద్దెకిచ్చినాయన చెప్పిన మెషీన్ ఒకటి, పంపింది ఒకటి. దాని రేషియో రెండు దాటింది, స్టేజీ ముందంచు దాటి జనం మధ్యలో వెదుళ్లు పాతి పెట్టాల్సొచ్చింది. కేబుల్ చాల్లేదు. లాప్‌టాప్ నుంచి మెషీన్‌కి బొమ్మని పంపే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ పది పదిహేను మీటర్లు దాటితే నమ్మలేం, అంతకు మించితే ఆప్టికల్ కేబులో, లేదా నెట్‌వర్క్ కేబుల్ మీద పంపే డబ్బాలో కావాలి. అప్పటి నుంచి అద్దె మాట్లాడేటప్పుడు ఎన్ని లూమెన్లని అడగను. మోడల్ పేరు రాసివ్వమంటాను, త్రో రేషియో, లెన్స్ షిఫ్ట్ నేనే చూసుకుంటాను. పొడవాటి కేబుల్ మన సొంతానిది కొన్నాం, తెర తర్వాత కొనాల్సింది అదే.

రెండోది, శివరాత్రి రోజు అద్దెకి మెషీన్ దొరక్కపోతే? ఒంగోల్లోనూ, నెల్లూర్లోనూ ఉన్నవన్నీ ఆ రాత్రికి బుక్కయిపోతాయి. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సొంత మెషీన్ ఉంటే ఈ టెన్షన్ ఉండదన్నది కాదనలేను. కానీ ఏడాదికి మేం ఆడేది ముప్పై రోజులకి మించదు. మిగతా రోజులు ఉప్పుగాలిలో, అటక మీద, ఎవరూ ఫిల్టరు దులపకుండా పడి ఉండే మెషీన్ మూడేళ్లకి ఎలా ఉంటుందో మైకు సెట్ల విషయంలో మనం చూశాం. పైగా మెషీన్లు మారిపోతున్నాయి, ఈ రోజు లక్ష పెట్టింది రెండేళ్లకి సగానికి వస్తుంది. తెర మారదు. కొలత మారదు. మన బొమ్మలన్నీ ఆ కొలతకే తయారవుతాయి, మన లైట్లు ఆ తెరని బట్టే కడతాం, ఏ మెషీన్ వచ్చినా దానికి సర్దుకుంటుంది. మెషీన్ దొరకని రాత్రికి అదే తెర మీద నీలం లైటు ఒకటి కింద నుంచి కొడితే ఆకాశమవుతుంది, ఆ రాత్రికి అలాగే ఆడతాం.

తెర ఏదన్నది తేల్చడానికే నాకు రెండు నెలలు పట్టింది. పీవీసీ తెర బొమ్మకి బాగుంటుంది గానీ మడిస్తే మడతలు పోవు, చుడితే పన్నెండడుగుల గొట్టం అవుతుంది, మన టాటా ఏస్ తొట్టి ఏడడుగులే. గెయిన్ ఎక్కువున్న, అంటే వెలుగుని ఎదురుగానే ఎక్కువ తిప్పి పంపే, మెరిసే తెరలు నడిమధ్య కూర్చున్నవాడికి బాగుంటాయి, పక్కన కూర్చున్నవాళ్లకి వెలవెలబోతాయి, మన జనమేమో స్టేజీకి మూడు వైపులా కూర్చుంటారు. పల్చటి దోమతెర గుడ్డ ముందు పక్క కట్టి, వెనక నటుణ్ణి పెట్టి, దాని మీద బొమ్మ వేస్తే కలలో సీనుకి చాలా బాగుంటుంది, కానీ మొత్తం నాటకానికి పనికిరాదు. చివరికి సాగే గుడ్డకి తేలాను. లాగి కడితే మడతలు పోతాయి, మడిచి సంచిలో పెడితే ఐదు కిలోలు దాటదు, వెనక నుంచి వేసినా ముందు నుంచి వేసినా బొమ్మ నిలుస్తుంది. రెండు వైపులా కొంత వెలుగు పోతుంది, అందుకే పైన అంతసేపు చీకటి గురించి చెప్పాను. గుడ్డ ఐదడుగుల పన్నాలో దొరుకుతోంది కాబట్టి అడ్డంగా ఒక అతుకు తప్పదు. ఆ అతుకు నేలా ఆకాశమూ కలిసే చోట వచ్చేలా బొమ్మలన్నీ గీయిస్తున్నాం.

కాబట్టి ఒరేయ్, ఆ కొటేషన్ పక్కన పెట్టు. గుడ్డ ఆర్డరిచ్చేశాను, షామియానాలు కుట్టే ఆయన అంచులు కుట్టి రింగులు వేస్తానన్నాడు. నువ్వు చేయాల్సింది, ఈ ఆదివారం టేపు పట్టుకుని నాతో పొదిలికి రావడం. మొన్నటి కమిటీ వాళ్లే మళ్లీ పిలిచారు. స్టేజీ లోతు, పైదూలం ఎత్తు, నేల రంగు రాసుకుందాం. ముందు వరసలో ఆ పెద్దాయన కుర్చీ ఎక్కడ వేస్తారో కూడా అడిగి, అక్కడ కూర్చుని చూద్దాం.